రెబెక్కమ్మ తాగని నీళ్లు

ఎండాకాలం వచ్చిందంటే ఉప్పు మడుల ఆడవాళ్లకు నేనొక నవ్వులాట. నేను ఆ పక్క ఊళ్లకు ప్రభుత్వం వేసిన నర్సును. పేరు కరీమున్నీసా. పద్నాలుగేళ్లుగా దోనిపాళెం ఉపకేంద్రంలో పని చేస్తున్నా, ఆ ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ నర్సమ్మనే. ఏటా మార్చి నెలాఖరుకు ఓఆర్ఎస్ ప్యాకెట్ల పెట్టె వస్తుంది. దానితో పాటు గోడకు అంటించే కాగితాలు వస్తాయి. రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగండి, మజ్జిగ తాగండి, కొబ్బరి బోండాం నీళ్లు తాగండి, ఎండలో తిరగకండి అని వాటి మీద ఉంటుంది. ఆ పెట్టెను స్కూటీకి కట్టుకుని, మడుల గట్ల మీదికి పోయి, మిట్టమధ్యాహ్నం నిలబడి, ఎండలో పని చేసేవాళ్లకు ఎండలో తిరగవద్దని చెప్పేదాన్ని. వాళ్లు నవ్వక ఏం చేస్తారు?

అందరికంటే ముందు నవ్వేది రెబెక్కమ్మ. పదకొండు మంది ఆడవాళ్ల ముఠాకు ఆమె పెద్ద. పొట్టి మనిషి. చీర మీద మగవాళ్ల చొక్కా, తలకు తువ్వాలు, కాళ్లకు చుట్టిన ప్లాస్టిక్ సంచులు. పదిహేనేళ్ల వయసులో మడుల్లోకి దిగింది. కాలవ నీళ్లను మడుల్లోకి తోడే ఇంజను దగ్గర పని చేసే లాజరస్‌ను పెళ్లి చేసుకుంది. కూతురు ఫేబీకి రెండేళ్లప్పుడు ఆ ఇంజను షెడ్డులోనే పాము కరిచి లాజరస్ చనిపోయాడు. నాలుగో రోజుకు ఆమె మళ్లీ పనిలోకి వచ్చిందట. ఇంట్లో కూర్చుని ఏడుస్తుంటే బిడ్డకు గంజి ఎవరు పోస్తారని అడిగిందట. ఆ సంగతి నాకు ఆమే చెప్పింది, ఎవరి గురించో చెప్పినట్టు చెప్పింది.

ఉప్పు పని చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. మడిలో నీళ్లు ఇంకి ఉప్పు తేలాక, పొడవాటి కర్రకు బిగించిన పలకతో దాన్ని దగ్గరికి లాగాలి. గట్టు మీద కుప్ప పోయాలి. గంపలకెత్తి లారీ దాకా మోయాలి. తెల్లవారుజామున మొదలుపెడితే మధ్యాహ్నం రెండింటికి గానీ తెమలదు. ఉప్పు మీద పడిన ఎండ కింది నుంచి కూడా ముఖాన కొడుతుంది. అంత ఎండలో రెబెక్కమ్మ ముఠా ఆడవాళ్లు ఒక్క గుక్క నీళ్లు తాగేవాళ్లు కాదు. అది ఆమె పెట్టిన కట్టుబాటు.

అది ఊరికే పెట్టింది కాదు. ఒకప్పుడు ఆఖరి మడికి అవతల కంపచెట్ల గుబురు ఉండేది. ఆడవాళ్లు ఒంటికి పోవాలంటే అదే చాటు. పదకొండేళ్ల కిందట రొయ్యల గుంటల కోసం ఆ కంపంతా కొట్టేశారు. ఆ తర్వాత ఎటు చూసినా తెల్లటి మడులు, మోకాలెత్తు గట్లు, అంతే. లారీ డ్రైవర్లు, ఎత్తే కూలీలు, ఇంజను దగ్గరి మగవాళ్లు, అందరికీ అందరూ కనిపిస్తారు. ఒకరోజు పెంచలమ్మ అనే ఆమె తట్టుకోలేక ఉప్పు కుప్ప వెనక్కి పోయింది. లారీలో ఉన్నవాడు చూసి హారన్ మోగించాడు. కూలీలంతా నవ్వారు. ఆ తర్వాత నెల రోజుల పాటు పెంచలమ్మ కనిపిస్తే చాలు, ఎవడో ఒకడు నోటితో హారన్ మోగించేవాడు. ఆమె పని మానేసి వెంకటాచలం దగ్గర ఇటుకల బట్టీకి పోయింది. అప్పుడే రెబెక్కమ్మ తన ముఠాకు చెప్పింది, పనిలో ఉన్నంతసేపు ఎవరూ నీళ్లు ముట్టుకోవద్దని. తాగకపోతే పోవలసిన పని పడదు.

కొత్తగా ఎవరు వచ్చినా మొదటి రోజు ఆమె మూడు నేర్పేది. పలక ఎలా పట్టాలో, కాళ్లకు సంచులు ఎలా చుట్టాలో, నీళ్లు లేకుండా ఎలా ఉండాలో. చింతగింజ ఒకటి బుగ్గన పెట్టుకుంటే నోరు ఎండదని, మాటలు తగ్గిస్తే గొంతు నిలబడుతుందని చెప్పేది. దాహం ఓర్చుకోవడం కూడా ఒక పనితనం అన్నట్టు నేర్పేది. తన ముఠాలో ఏ ఆడదాన్నీ చూసి ఏ మగవాడూ నవ్వలేదని ఆమెకు గర్వం. ఆ గర్వం తప్పని నేను ఇప్పటికీ అనలేను.

ఒకసారి నేనిచ్చిన ప్యాకెట్లన్నీ అలాగే ఉండటం చూసి కోప్పడ్డాను. అప్పుడు రంజాన్ నెల, నేనూ రోజా ఉపవాసం ఉన్నాను. రెబెక్కమ్మ నా ఎండిన పెదాలు చూసి నవ్వింది.

"మీకు ఏడాదికి ఒక్క నెల గదా నర్సమ్మా రోజా. మాకు పొద్దు తప్పకుండా రోజానే."

నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నాలుగు లీటర్లు తాగమని ఊరూరా చెప్పినదాన్ని, తాగినాక ఎక్కడికి పోతారని ఒక్కసారి కూడా అడగలేదు. పైగా వాళ్లకు మూత్రంలో మంట అంటే మాత్రలిచ్చాను, నడుము నొప్పి అంటే నొప్పి మాత్రలిచ్చాను. నీళ్లు చాలని ఒంటికి ఆ నొప్పి మాత్రలు ఎంత చెరుపో నేను చదువుకున్నదే. అడిగారు, ఇచ్చాను. రిజిస్టరులో రాసుకున్నాను. రెబెక్కమ్మ అయితే వారానికి ఒక నొప్పి మాత్రల అట్ట తీసుకుపోయేది.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఆమె కాళ్లు వాచాయి. తర్వాత ముఖం వాచింది. నేనే నెల్లూరు తీసుకుపోయాను. రెండు మూత్రపిండాలూ చెడిపోయాయని, ఇక వారానికి రెండుసార్లు వచ్చి రక్తం శుద్ధి చేయించుకోవలసిందేనని డాక్టరు చెప్పాడు. అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర చెప్పాడు. కాఫీ, మజ్జిగ, అన్నంలో పోసుకునే చారు, అన్నీ కలిపి రోజుకు ముప్పావు లీటరు మించకూడదు. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుందన్నాడు. రెబెక్కమ్మ తలూపింది. ఓర్చుకోవడం నాకు కొత్తేం కాదులే అని నాతో అంది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. తర్వాత కూతురి గురించి ఎత్తింది.

ఫేబీ ఇంటర్ చదివి, పద్దెనిమిదేళ్లకు మడుల్లోకి వచ్చింది. అప్పటికి ఆరేళ్లుగా తల్లి ముఠాలోనే చేస్తోంది. సన్నగా, చురుగ్గా ఉండేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తితే ఊరంతా ఆ గొంతు కోసం ఆగేది. తల్లి కట్టుబాటును తల్లి కంటే గట్టిగా పట్టింది. ఇంటి దగ్గర కూడా నీళ్లు తక్కువే తాగేది, అలవాటు తప్పిపోతుందని.

ఫేబీకి కూడా పరీక్ష చేయించమని రెబెక్కమ్మ నన్ను బతిమాలింది. చేయించాను. బాగాలేదనడానికి లేదు, బాగుందనడానికీ లేదు. ఇప్పటి నుంచి సరిగా నీళ్లు తాగితే ఇక్కడితో ఆగిపోతుంది, లేకపోతే తల్లి దారే అని డాక్టరు కాగితం చూసి చెప్పాడు. ఆ మాట రెబెక్కమ్మకు నేను దాచకుండా చెప్పాను.

"నా బిడ్డ నా మాదిరిగా కాగూడదు నర్సమ్మా," అంది. "దాన్ని తాగకుండా చేసింది నేనే. తాగించాల్సింది గూడా నేనే."

ఆ రోజు నుంచి ఆమెకు ఇంకో పని లేదు. ముందు మడుల యజమాని పద్మనాభయ్య దగ్గరికి పోయి ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి కట్టించమని అడిగింది. వచ్చే సీజనుకు చూద్దామన్నాడు ఆయన. ఆ మాట అంతకుముందు కూడా నాలుగైదు సీజన్లు అన్నాడు. ఈసారి రెబెక్కమ్మ ఆయన కోసం ఆగలేదు. జాలర్ల దగ్గర నాలుగు గుంజలు అడిగి తెచ్చుకుంది. తాటాకు తడికెలు తానే అల్లింది, చేతికి సూది గుచ్చిన చోట వాపు ఉన్నా. ఆఖరి గట్టు మీద చాటు కట్టించింది. నెల్లూరు పోయే మంగళవారం, శుక్రవారం తప్ప మిగతా రోజులన్నీ పొద్దున్నే వచ్చి, ఆ తడికె పక్కన గొడుగు వేసుకుని, చేతిలో కర్రతో కూర్చునేది. ఒక కూలీ ఆ పక్కకు వచ్చి పళ్లికిలిస్తే, వాడి అమ్మ పేరు, అక్క పేరు ఎత్తి, వాళ్లు కూడా మనుషులే కదరా అని అడిగిందట. వాడు మళ్లీ రాలేదు.

పక్కన రెండు కుండల్లో నీళ్లు పెట్టించింది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, తాగేదాకా వదిలేది కాదు. పదేళ్లుగా తాగొద్దన్న మనిషే తాగమంటుంటే ఆడవాళ్లకు మొదట సిగ్గేసింది, తర్వాత అలవాటైంది. ఆ ఎండాకాలంలో నా ఓఆర్ఎస్ పెట్టె మొదటిసారి ఖాళీ అయింది. వాళ్లు గటగటా తాగుతుంటే రెబెక్కమ్మ వాళ్ల గొంతుల వైపే చూస్తూ ఉండేది. ఆమె పెదాలు పగిలి ఉండేవి. తడిగుడ్డతో అద్దుకునేది. నేను ఆ పక్కకు పోయినప్పుడల్లా ముఖం తిప్పుకునేదాన్ని.

అందరూ తాగారు. ఫేబీ తాగలేదు.

విరామంలో వచ్చి తల్లి పక్కన కూర్చునేది. తల్లి చెంబు ముంచి ఇస్తే కింద పెట్టేసేది. నువ్వు ఎంత తాగుతావో నేనూ అంతే తాగుతానని మొండికేసింది. ఇంట్లో తల్లికి కొలిచిపోసే స్టీలు గ్లాసుతోనే తానూ కొలుచుకునేది. రెబెక్కమ్మ తిట్టింది, తువ్వాలుతో కొట్టింది, ఏడ్చింది. పాస్టరు ఆనందబాబు గారి చేత చెప్పించింది. నేను పరీక్ష కాగితం ముఖం మీద పెట్టి అరిచాను. ఫేబీ తల వంచుకుని అంతా విని, ఒక్క మాట అంది.

"అమ్మ నోరెండిపోతా కూర్చోనుంటే, ఆమె ముందర నేనెట్టా తాగేది నర్సమ్మా?"

పిల్ల మీద ప్రేమ పుట్టింది, ఒళ్లు మండింది కూడా. తల్లి బాధ తగ్గించలేని ప్రేమ, తననూ చంపుకునే ప్రేమ, ఎందుకు పనికొస్తుంది అది? కానీ అలాంటి మొండితనం నేర్పిందెవరో, ఆ తల్లికీ తెలుసు, నాకూ తెలుసు.

మే నెలాఖరుకు రోహిణి కార్తె వచ్చింది. గాలి కూడా కాలుతోంది. ఒక గురువారం పదకొండింటప్పుడు గంప నెత్తిన ఉండగానే ఫేబీ కూలిపోయింది. ఒళ్లు నిప్పులా ఉంది, చెమట లేదు. తడికె నీడకు మోసుకుపోయి, ఒంటి మీద నీళ్లు పోసి, కబురందుకుని వచ్చి నేను సెలైను పెడితే గానీ కళ్లు తెరవలేదు. అంతసేపూ రెబెక్కమ్మ కూతురి తల ఒళ్లో పెట్టుకుని, తువ్వాలుతో విసురుతూనే కూర్చుంది. ఆమె భయపడటం నేను చూడటం అదే మొదటిసారి. సాయంత్రం పోయేటప్పుడు, దానికి నేను తాగించలేకపోతే ఇంకెవరు తాగిస్తారని అడిగింది. ధైర్యం చెప్పి వచ్చాను. మరునాడు శుక్రవారం, ఆమె నెల్లూరు పోయి వచ్చింది. శని, ఆదివారాలు నేను నెల్లూరులో మా ఇంట్లో ఉన్నాను.

సోమవారం తెల్లవారేసరికి ఫేబీ ఫోను. అమ్మకు కాళ్లు కదలడం లేదని, గుండె ఎలాగో ఉందంటోందని చెప్పింది. ఆటోలో వెంటనే తీసుకురమ్మని చెప్పి, నేను ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాను. కోవూరు దాటామని ఫోను వచ్చింది. పెన్నా వంతెన మీద రెబెక్కమ్మ ప్రాణం పోయింది. ఆటో గేటులోకి వచ్చేసరికి ఫేబీ తల్లి చెయ్యి పట్టుకుని, ఇంకా ఆమెతో మాట్లాడుతూనే ఉంది. వచ్చేశాం, వచ్చేశాం అంటోంది.

కాగితాల కోసం లోపలికి పోతే, రక్తం శుద్ధి చేసే వార్డు సిస్టరు నన్ను పక్కకు పిలిచింది. ఏం తాగిందని అడిగింది. నాకు తెలియదన్నాను. శుక్రవారం మిషను మీద ఉన్నప్పుడు రెబెక్కమ్మ ఆమెను ఒక ప్రశ్న అడిగిందట. బోండాం నీళ్లు తాగితే ఏమవుతుందని. నీళ్లకంటే అవే ప్రమాదం, అందులో ఉండే పొటాషియం మీ ఒంట్లో నిలిచిపోతే గుండె ఆగిపోతుంది, ఒక్కటి కూడా తాగొద్దని సిస్టరు చెప్పిందట. రెండుసార్లు అడిగి తెలుసుకుందమ్మా ఆమె అని సిస్టరు అంది. నాకు అప్పుడు ఏమీ అర్థం కాలేదు. అంతకంటే అడగడానికి మనసు రాలేదు.

నాలుగో రోజు ఆదరణ కూటం పెట్టారు. చర్చి వాళ్లు పాటలు పాడి, ప్రార్థన చేసి, వచ్చినవాళ్లందరికీ షర్బత్ పోశారు. ముఠా ఆడవాళ్లంతా వచ్చారు. ఇటుకల బట్టీ నుంచి పెంచలమ్మ కూడా వచ్చింది. ఫేబీ పాడలేదు. షర్బత్ ముట్టుకోలేదు. మూడు రోజులుగా ఏదో నోరు తడుపుకోవడమే తప్ప తాగింది లేదని ఆడవాళ్లు నాతో గుసగుసలాడారు. అందరూ పోయేదాకా ఆగి, నేను లోపలికి పోయి ఆ పిల్ల పక్కన చాప మీద కూర్చున్నాను.

అప్పుడు చెప్పింది ఆదివారం సంగతి. చర్చి నుంచి వచ్చాక తల్లి పిలిచి, బోండాలు తెప్పించమందట. శుక్రవారం సిస్టరును అడిగాను, నీళ్లు కొలత ప్రకారమే గానీ బోండాం ఎంతైనా తాగొచ్చంట, ఇంకేం దిగులు లేదు అని చెప్పిందట. ఫేబీ ఆనందం పట్టలేక పరుగెత్తిపోయి, పక్కింటివాళ్ల చేత చెట్టెక్కించి ఆరు బోండాలు తెచ్చింది. తానే కొట్టి, తల్లికి ఇచ్చింది. ఇద్దరూ వాకిట్లో కూర్చుని చెరి మూడు తాగారు. సాయంత్రం తల్లి కుండలో నీళ్లు ముంచి ఇస్తే, అడ్డం చెప్పకుండా రెండు చెంబులు తాగానని చెప్పింది. ఇన్నాళ్లకు అమ్మ దాహం తీరింది, ఇక నేను తాగితే తప్పేముందనుకున్నానంది. తల్లి ముఖంలో అంత నెమ్మది ఎన్నడూ చూడలేదంది.

ఎన్నేళ్లుగా గోడల మీద బోండాం నీళ్లు తాగమని అంటించింది నేనే. ఈ ఒక్క ఇంటికి మాత్రం తాగకూడదని చెప్పాలన్న తెలివి నాకు లేకపోయింది. చెప్పి ఉంటే, తాగొచ్చన్న తల్లి మాటను ఫేబీ నమ్మేది కాదు. ఆ మనిషి మీద కూడా కోపం వచ్చింది. నువ్వు పోతే గానీ బిడ్డ తాగదనుకున్నావా, ఇన్ని రకాలుగా తాగించవచ్చు, ఇదా దొరికింది నీకు అని గోడకు ఆనించిన ఆమె ఫొటోను మనసులో తిట్టాను. తిడుతుంటేనే కళ్ల నీళ్లు వచ్చాయి.

ఫేబీ నా ముఖంలోకే చూస్తోంది.

"బోండాం నీళ్ల వల్లనే పోయిందా నర్సమ్మా మా అమ్మ?"

"కాదమ్మా," అన్నాను. "ఆ జబ్బే అంత. ఎప్పుడైనా వచ్చేదే."

నా జన్మలో అంత గట్టిగా చెప్పిన అబద్ధం ఇంకొకటి లేదు. బయట ఎవరో కుర్చీలు ఎత్తి ఆటోలో వేస్తున్నారు.

"అమ్మకు తెలుసు నర్సమ్మా," అంది ఫేబీ. "నేను తాగి ముగించిందాకా ఆమె బోండాం నోట పెట్టుకోలా. నా మూడూ అయిపోయినాకనే తాను మొదలుపెట్టింది. వద్దులే, చాలు అంటే, నా నోటికి ఆనించి తాపింది. నాకు అప్పుడు తెలీలా."

నేను ఆ పిల్లను దగ్గరికి తీసుకోబోయాను. ఆమె నా చెయ్యి పక్కకు పెట్టి లేచింది. కుండ దగ్గరికి పోయి చెంబు ముంచుకుంది. తాగింది. దాహం వేసి తాగినట్టు లేదు. ఒక్కో గుక్కా కష్టంగా మింగుతోంది, మధ్యలో వెక్కిళ్లు వస్తే ఆగి, మళ్లీ తాగుతోంది. నీళ్లు గడ్డం మీదుగా కారి జాకెట్టు తడిసిపోయింది. ఒక చెంబు అయ్యాక రెండోది ముంచుకుంది.

నేను ఆపలేదు.